అమ్మ గొంతుతో నాలుగో నంబరు బస్సు

ఆ రోజుల్లో నాకు పని చేయడం కంటే, పనిని తొందరగా చేయడం ఎలాగో తెలుసుకోవడం మీద మోజు ఎక్కువ. ఈ రెండూ వేరు వేరు సంగతులని తెలిసే వయసు కాదది. ఇంజనీరింగ్ అయిపోయింది. తోటివాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కేశారు. నేను మాత్రం సిద్దిపేటలోనే కూర్చుని మొబైల్ యాప్‌లు తయారుచేస్తానని మొండికేసి, మా బాపు స్టీలు సామాన్ల దుకాణం మీదున్న చిన్న గది సంపాదించాను. అంతకుముందు ఆ గదిలో అమ్ముడుపోని బిందెలుండేవి. (ఇప్పుడు కూడా అమ్ముడుపోనిదే ఉంది అనేవాడు బాపు, గిరాకీల ముందు పైకి వేలు చూపిస్తూ.) బిందెలను ఓ మూలకు నెట్టి, వాటి మధ్య బల్ల వేసుకుని, దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్న రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. లోకాన్ని మార్చడానికి కావలసిన సరంజామా మొత్తం సమకూరినట్టే అనిపించింది.

రోజూ పొద్దున్నే వీడియోలు చూసేవాణ్ని. మౌస్ ముట్టకుండా వేళ్ళతోనే పనంతా కానివ్వడం ఎలా, రెండక్షరాలు కొడితే పేజీడు కోడ్ దానంతటదే వచ్చి పడేలా చేయడం ఎలా, ఒక చోట రంగు మారిస్తే యాప్ మొత్తాన్ని మళ్ళీ కట్టే పని లేకుండా ఆ రంగు వెంటనే ఫోన్లో కనిపించేలా చేయడం ఎలా. ఒక్కొక్క కిటుకు తెలిసినప్పుడల్లా కుర్చీలోంచి లేచి బిందెల మధ్య ఒక చక్కర్ కొట్టేవాణ్ని. కిటుకులన్నీ రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించాను. ఐదు నిమిషాల పనిని అర నిమిషంలో ముగించే ఉపాయం కోసం వారం ధారపోసిన సందర్భాలున్నాయి. అమ్మ అన్నం డబ్బా తెచ్చినప్పుడల్లా "అయ్యిందారా నీ యాప్?" అనేది. "లేదమ్మా, యాప్ జల్ది జేసే పద్ధతి తయారుజేస్తున్న" అనేవాణ్ని. "మరి యాప్ ఎప్పుడు జేస్తవ్?" అని ఆవిడ అమాయకంగా అడిగిన ప్రశ్నకు ఏ వీడియోలోనూ జవాబు దొరకలేదు.

కొంతసేపు పని, గంట మోగగానే కాసేపు విశ్రాంతి, మళ్ళీ గంట మోగితే పని అనే పద్ధతి కూడా పెట్టాను. ఒకరోజు బాపు ఏదో బిందె కోసం పైకొచ్చి, నేను గంటకు లేచి గంటకు కూర్చోవడం గుమ్మంలో నిలబడి చూశాడు. "గంట గొడితే లేస్తవ్, గంట గొడితే కూసుంటవ్. గింత సదువు సదివి మల్ల ఒకటో తరగతికే వచ్చినవా బిడ్డా?" అని బిందె తీసుకుని దిగిపోయాడు.

అలాంటి బాపే నాకు మొదటి పని తెచ్చిపెట్టాడు. బడి నడిపే కరస్పాండెంట్ సార్ మా దుకాణానికి పాత గిరాకీ. వార్షికోత్సవానికి బహుమతుల టిఫిన్ డబ్బాలన్నీ మా దగ్గరే కొనేవాడు. ఆయనకు బడి బస్సులతో పెద్ద తలనొప్పి ఉండేది. బస్సు గల్లీ మొదట్లో నిలబడి హారన్ కొడుతూ ఉంటుంది, పిల్లవాడు ఇంట్లో సాక్సు వెతుకుతూ ఉంటాడు, చుట్టుపక్కల వాళ్ళు బస్సు మీదికి తగవుకొస్తారు. బస్సు రెండు గల్లీల అవతల ఉండగానే తల్లిదండ్రుల ఫోనుకు కబురు వచ్చే యాప్ చేస్తావా అని నన్ను అడిగాడు. చేస్తానని ఆయన మాట పూర్తికాకముందే అన్నాను. సోమవారం నాలుగో నంబరు బస్సుతో బడిలో చేసి చూపించాలని అనుకున్నాం. ఆయన వెళ్ళగానే బాపు తన షరతు చెప్పాడు.

"ఇగ ఇను. సార్ మంచిగున్నది అంటే పైన అర్ర నీది, నేను బిందెల ముచ్చట గూడ ఎత్తను. వద్దన్నడనుకో, మంగళవారం కెల్లి కిందికొచ్చి పేర్లు కొట్టుకుంట కూసో."

పేర్లు కొట్టడమంటే, పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో ఇచ్చే గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, ఇంట్లో వాడుకునేవాటి మీద ఇంటివాళ్ళ పేర్లు చిన్న కరెంటు మిషనుతో చెక్కడం. పేరు లేని గిన్నె ఇస్తే మా దగ్గర ఇచ్చినట్టే కాదు. మిషను రోజంతా కందిరీగలా చెవిలో మోగుతూనే ఉంటుంది. ఒక ఎండాకాలం నేనా పనికి కూర్చుని, అక్కడ కూడా నా తెలివి చూపించాను. ఇంత పొడుగు పేర్లెందుకని మొదటి అక్షరాలు మాత్రం చెక్కి పారేశాను. అన్నదమ్ముల పిల్లలందరికీ తాత పేరే పెట్టుకున్న ఒక పెద్ద కుటుంబం దావత్‌కు ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చి, అయ్యాక ఏవి ఎవరివో తేల్చుకోలేక రాత్రిదాకా కొట్లాడుకుందట. ఆ మిషను ముందు మళ్ళీ కూర్చోవడం తలచుకుంటేనే నేను చెవులు మూసుకునేవాణ్ని. ఆ గది పోకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు.

యాప్ తొందరగానే తయారైంది. చిక్కు, ఆ కబురు చెప్పే గొంతు దగ్గర వచ్చింది. కంప్యూటరు ఆడగొంతు ఒకటి పెట్టి చూస్తే, "మీ బస్సు సమీపించుచున్నది" అని అదేదో లాలిపాటలా చెబుతోంది. దానికి లేచేవాడు సిద్దిపేటలో లేడు. అలా తల పట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం కింద నుంచి అమ్మ కేక వేసింది, "అన్నం సల్లగైతుందిరా!" అని. నేను లేచాను. పక్క దుకాణంలో కునుకు తీస్తున్న బట్టల సేఠ్ లేచాడు. అవతల పండ్ల బండి మనిషి కూడా లేచి అటూ ఇటూ చూశాడు. దొరికింది అనుకుని మెట్లు రెండేసి చొప్పున దిగి అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఫోను ముందు పెట్టి చెప్పమంటే ఆవిడ సిగ్గుపడి, పేరంటానికి పిలిచినట్టు మెల్లగా చెప్పింది. పనికిరాదు. చివరికి నేను కావాలనే స్నానానికి లేవకుండా పడుకుని, రికార్డింగు నొక్కి తలగడ కింద ఫోను పెట్టాను. కాసేపటికి నాకు కావలసిన మాట నిక్షేపంగా పడింది. "బస్సొచ్చింది" అన్న ముక్క మాత్రం బతిమాలి చెప్పించి ముందు అతికించాను. "బస్సొచ్చింది! ఇంకా ఏం జేస్తున్నవ్? లే, ఉరుకు, ఉరుకు!" అబ్బ, ఏం గొంతు! ఫోను సైలెంటులో ఉన్నా సరే, పూర్తి చప్పుడుతో మోగేలా కట్టుదిట్టం చేశాను. ఎవరూ పొరపాటున తీసేయకుండా, నాకు మాత్రమే తెలిసిన ఒక రహస్య సంఖ్య కొడితేనే యాప్ పోయేలా తాళం కూడా వేశాను.

ఇక పరీక్షించాలి. నా దగ్గర ఉన్నది ఒక ఫోను, అమ్మది ఇంకొకటి. ఊళ్ళో ఉన్నవేమో రకరకాల ఫోన్లు. ఒకదాంట్లో అక్షరాలు కనిపించవు, ఒకదాంట్లో మీట తెర బయటికి పోతుంది. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు గోడ నిండా ఫోన్లు వేలాడదీసుకుని పరీక్షించుకుంటారని చదివాను. మరి నాకెక్కడివి అనుకుంటూ మెట్లు దిగుతుంటే, మా పక్కనున్న దస్తీ భాయ్ దుకాణం కనిపించింది. సెల్ ఫోన్ల మరమ్మతు ఆయన పని. కాలరు చుట్టూ ఎప్పుడూ తడి చేతిరుమాలు (మా వైపు దస్తీ అంటాం) చుట్టుకుని ఉంటాడు గనక ఆ పేరు. ఆయన గాజు బల్ల నిండా ఫోన్లు! పుట్టిన ప్రతి కంపెనీదీ ఉంది, చచ్చిపోయిన కంపెనీలవి కూడా ఉన్నాయి. నా కళ్ళు చెదిరాయి. ఇంత సంపద పక్కన పెట్టుకుని పైన కూర్చుని ఏడుస్తున్నానా?

భాయ్‌కి ఉపాయం చెప్పాను. ఆయనకు కూడా ఒక బాధ ఉంది. స్పీకరు మార్చిన ప్రతి ఫోనుకీ ఏదో పాట పెట్టి చూడాలి. అదే పాట రోజంతా విని విని ఆయనకు విసుగు పుట్టింది. అమ్మ గొంతు ఒకసారి వినిపించగానే ఉలిక్కిపడి, చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడేశాడు. తరువాత మొహం వెలిగిపోయింది. "అరే షార్ట్‌కట్ సేఠ్! గీ గొంతు పగలకుండ పలికిందంటే ఇగ స్పీకర్ పాస్. తీస్కరా, పెట్టు!" అప్పటి నుంచీ ఫోను ఇచ్చేవాళ్ళందరికీ ముందే చెప్పేవాడు, "స్పీకర్ జూడనీకి ఒక యాప్ ఏస్త. జూసినంక తీసేస్త. నా జబాన్." అందరూ సరే అనేవాళ్ళు. భాయ్ జబాన్ అంటే మా బజారులో స్టాంపు కాగితం కంటే గట్టిది.

ఆ వారం నా జీవితంలో పండుగ. ఫోనుకు తీగ తగిలించి లాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కితే చాలు, యాప్ ఎక్కుతుంది, పేరు నమోదు అవసరం లేకుండానే నాలుగో నంబరు బస్సుకు జతపడుతుంది, అరుస్తుంది, తెర ఫోటో తీసుకుంటుంది, దానంతటదే దిగిపోతుంది. ఒక్క మీట! భాయ్, నేను చెయ్యీ చెయ్యీ కొట్టుకునేవాళ్ళం. అయితే తప్పు దిద్దిన ప్రతిసారీ అదే ఫోనుకు యాప్ ఎక్కించడం, దింపడం, మళ్ళీ ఎక్కించడం. ఇందులో బోలెడు సమయం వృథా అని నా తెలివికి తోచింది. దింపే అంకాన్ని తీసేశాను. అన్నీ చివర్లో ఒకేసారి దింపుదాం అనుకున్నాను. నేను అనుకుంటూనే ఉన్నాను, గిరాకీలు వస్తూనే ఉన్నారు, భాయ్ ఫోన్లు తుడిచి ఇస్తూనే ఉన్నాడు. అందులో బాపు ఫోను కూడా ఒకటి. యాప్ తనంతట తనే దిగిందని భాయ్ నమ్మకం. సోమవారం గురించిన సంబరంలో నాకు అసలా సంగతే గుర్తులేదు.

సోమవారం పొద్దున, బజారు చివరనున్న మా ఇంట్లో తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బడిలో చూపించాల్సింది రెండో ట్రిప్పు మీద. మొదటి ట్రిప్పులో ఒకసారి సరి చూసుకుందామని, నాలుగో నంబరు బస్సు డ్రైవరన్నకు బండి తీసే ముందు యాప్‌లో మీట నొక్కమని చెప్పాను. నొక్కినట్టు ఫోన్ చేసి కూడా చెప్పాడు. అమ్మ నా ముందు నిలబడి పెరుగు, చక్కెర చెంచాతో నోట్లో పెడుతోంది. అప్పుడు బజారులో నుంచి అమ్మ కేక వినిపించింది. "బస్సొచ్చింది! ఇంకా ఏం జేస్తున్నవ్?"

అమ్మ చెంచా నా పళ్ళకు తగిలి ఆగిపోయింది. "గిదేందిరా! నేనీడుంటే నా గొంతు గాడికెల్లి వస్తుంది?" కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఎదురింటి రిటైర్డు పంతులుగారు, పిల్లలందరికీ పెళ్ళిళ్ళయి మనవలు కాలేజీల్లో చదువుతున్న మనిషి, బనియను మీద గేటు దగ్గర నిలబడి బస్సు కోసం చూస్తున్నాడు. మంగలి దుకాణంలోంచి సగం గడ్డంతో ఒకాయన బయటికొచ్చాడు. బస్టాండులో కండక్టరు జేబులో ఫోను అలాగే అరిస్తే, కరీంనగర్ పోవలసినవాళ్ళు ఉరికి మెదక్ బస్సెక్కారని విన్నాను. (ఇది నేను చూడలేదు. మా ఊళ్ళో ఏ ముచ్చటైనా బస్టాండు దాకా వెళ్ళి వస్తే కాస్త ఒళ్ళు చేస్తుంది.) ఇక మా బాపు. దుకాణం తెరిచి, లక్ష్మీదేవి పటం ముందు ఊదుబత్తులు తిప్పుతున్నాడట. జేబులోంచి అమ్మ గొంతు "లే, ఉరుకు" అంది. ఆయన ఊదుబత్తులతో సహా ఉరికి నడిరోడ్డు మీద నిలబడ్డాడు. ఎందుకు ఉరికాడో ఆయనకే తెలియదు. అది ఒక్కసారితో పోతే బాగుండేది. బస్సు ఆగే ప్రతి చోటికీ ముందు అరవాలి కదా! ఆ బస్సుకు స్టాపులు చాలా ఉన్నాయి.

పరుగున భాయ్ దుకాణం చేరేసరికి జాతరలా ఉంది. "భాయ్, నా ఫోన్ల ఏదో దయ్యం సొచ్చింది!" అని ఒకరు. "అన్నం దింటుంటే ఉరుకు ఉరుకు అంటది, గొంతుల ముద్ద పడ్డది" అని ఒకరు. పాపం ఒక కొత్త పెళ్ళికొడుకు ఏడుపు మొహంతో, "మా ఇంటామె అడుగుతుంది భాయ్, పొద్దుగాల పొద్దుగాల నిన్ను లేపే ఆడామె ఎవరని. నేనేం జెప్పాలె?" అన్నాడు. దస్తీ భాయ్ మొహం పాలిపోయింది. నన్ను చూడగానే మెల్లగా, "తీసేస్త అని జబాన్ ఇచ్చిన గద సేఠ్. ఇప్పుడెట్ల?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

డ్రైవరన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. (బండి నడిపేటప్పుడు ఫోను ముట్టొద్దని గట్టిగా చెప్పినవాణ్ని నేనే.) సర్వరు ఆపేయవచ్చు, కానీ అప్పుడు బడిలో చూపించడానికి ఏమీ మిగలదు. ఆపినా యాప్ మాత్రం వీళ్ళ ఫోన్లలోనే ఉంటుంది, భాయ్ మాట పోయినట్టే. నా ఒక్క మీట పద్ధతి వాడదామంటే, దానికి ఫోన్లో ఒక ప్రత్యేక ఏర్పాటు ఉండాలి, తిరిగి ఇచ్చేటప్పుడు భాయ్ దాన్ని పద్ధతిగా తీసేసి ఇచ్చాడు. ఇక మిగిలింది ఒకటే. ఒక్కొక్క ఫోను చేతిలోకి తీసుకోవడం, రహస్య సంఖ్య కొట్టడం, యాప్ తీసేయడం, యజమానికి చూపించడం. ఆ సంఖ్య తెలిసినవాడు ఊళ్ళో నేనొక్కణ్నే.

"నువ్వు బడికి పో. ఇయ్యాల నీ ఇమ్తెహాన్ గద, పెద్ద పరీక్ష. ఫికర్ జేయకు, నేను సముదాయిస్త" అన్నాడు భాయ్. కళ్ళ ముందు గది, గోడ మీద రంగు కాగితాలు, దాని కింద కందిరీగ మిషను. సంఖ్య భాయ్‌కి చెప్పి పోదామా అనుకున్నాను. ఆ గుంపులో ఆయన ఒక్కణ్నీ వదిలి పోవడానికి కాళ్ళు రాలేదు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి బల్ల వెనుక నేల మీద కూర్చున్నాను. "ఒక్కొక్కరే ఇయ్యిండ్రి" అన్నాను.

కాసేపటికి బాపు వచ్చాడు. చేతిలో ఊదుబత్తులు ఇంకా అలాగే ఉన్నాయి. రావడమే నిప్పులు కక్కుతూ వచ్చాడు గానీ, నేను నేల మీద కూర్చుని ఉండటం చూసి ఆగాడు.

"బడికి పోలేదా?"

"ఎట్ల పోను బాపు? భాయ్ జబాన్ ఇచ్చిండు. నీది గూడ ఇయ్యి, తీసేస్త."

నన్ను చూశాడు, భాయ్‌ని చూశాడు. "నాది ఉండనియ్" అన్నాడు. స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. మిషను తుడిచి, దాని ముందు నాకు పీట వేయడానికే పోయాడనుకున్నాను.

ఈలోగా అమ్మ వచ్చింది. జనం వెనుక నుంచి నేను కనిపించలేదేమో, "జర జరుగుండ్రి! పిలగానికి గాలి ఆడనియ్యిండ్రి!" అంది. అంతే. గుంపంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అదే గొంతు! రెండు వైపులకూ జరిగి దారి ఇచ్చారు. సగం గడ్డం ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, తరువాత నవ్వనివాళ్ళు లేరు. కొత్త పెళ్ళికొడుకు గబగబా భార్యకు వీడియో కాల్ చేసి, ఫోను అమ్మ మొహం ముందు పెట్టి, "గిదిగో, గీ అమ్మనే! మంచిగ సూడు, గీ అమ్మనే!" అని అరిచాడు. అమ్మ ఏమీ అర్థం కాక, "బాగున్నవా బిడ్డా? తిన్నవా?" అని ఆ అమ్మాయిని పలకరించింది. భాయ్ దస్తీతో కళ్ళు తుడుచుకుంటూ అందరికీ చాయ్ చెప్పాడు.

చివరి ఫోన్ల దగ్గర ఉండగా నా ఫోను మోగింది. కరస్పాండెంట్ సార్. రెండో ట్రిప్పు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. క్షమించమని మొదలుపెట్టబోయాను.

"ఆగయ్యా, నన్ను జెప్పనియ్. మీ బాపు వచ్చి నా ఎదురుంగ కూసున్నడు. మా పిలగాడు పనిల ఇరుక్కున్నడు సారూ, నా ఫోన్ల ఉన్నది, నేనే సూపెడ్త అన్నడు. ఏం సూపెడ్తవన్నా అంటే, నాకు తెల్వదు సారూ, కూసుందాం అన్నడు. కూసున్నం. బస్సు గేటు కాడికి వస్తుండంగ ఫోన్ మొత్తుకున్నది. మీ బాపు కుర్చీలకెల్లి లేచి దర్వాజ దాక ఉరికిండయ్యా! ఏందన్నా, ఎటు పోతున్నవంటే, ఏమో సారూ, పెండ్లయినకాడి నుంచి గిదే అలవాటు అన్నడు." ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "గట్ల లేపేది నాకు కావాలె. అన్ని బస్సులకు పెట్టు."

నేను అరిచిన అరుపుకు భాయ్ చేతిలో చాయ్ ఒలికింది. అమ్మను గిరగిర తిప్పేశాను. బాపు వచ్చేసరికి బజారంతా తెలిసిపోయింది. ఆయన మాత్రం ఎటో పని పడి పోయొస్తున్న మనిషిలా మొహం పెట్టుకుని దుకాణంలోకి పోయి, సగం కాలి ఆరిపోయిన ఊదుబత్తులు పటం ముందు గుచ్చాడు. మధ్యాహ్నానికి పైనున్న బిందెలు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి.

ఇప్పుడు నా దగ్గర నలుగురు పిల్లలు పని చేస్తున్నారు. యాప్ ఎలా ఉండాలో మాటల్లో చెబితే కోడ్ అదే రాసిపెట్టే రోజులివి. ఎక్కడో ఉన్న ఫోన్లను ఇంటర్నెట్టులోనే కిరాయికి తీసుకుని పరీక్షించుకుంటున్నాం, ఎవరూ తగవుకు రారు. పని వేగంగా కావడానికి మంచి కిటుకు చెప్పమని వాళ్ళు అడిగితే బోలెడు చెబుతాను, ఉత్సాహంగా చెబుతాను, ఆ జబ్బు నాకు తగ్గలేదు. కానీ ఆ సాయంత్రం సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు. దుకాణం మూసే ముందు బాపు ఫోను పట్టుకుని పైకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అమ్మకు వినబడకుండా, "మీ అమ్మ గొంతు జర తక్కువ జేయొస్తదా?" అని అడిగాడు. "ఎందుకు రాదు బాపు, ఒక్క నిమిషం" అన్నాను. ఆయన ఫోను కేసి కాసేపు చూసి, "వద్దు తియ్. గట్లనే ఉండనియ్" అన్నాడు. అప్పుడు తల ఎత్తి ఆయన మొహం ఒక్కసారి చూడవలసింది. నేనేమో, మహా మేధావిని కదా, చప్పుడు తగ్గించే మీటను ఒక్క నొక్కుతో పనయ్యేలా తెర మీద ఏ మూల పెట్టాలా అని అప్పటికే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను.